ఇంగ్లండ్‌లో పంటి వైద్యమంటే భయపడేవాళ్లు డెంటిస్టును ఎలా వెతుక్కోవాలి?

మీరుండే ప్రాంతంలోని క్లినిక్‌కే వెళ్లాలన్న నియమం లేదు, ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) పేషెంట్లను తీసుకుంటున్న ఏ డెంటిస్టుకైనా ఫోన్ చేసి, అపాయింట్‌మెంట్‌కు ముందే మీ భయం సంగతి చెప్పి సెడేషన్ (భయం తగ్గి మగతగా ఉండేలా ఇచ్చే మందు) ఇస్తారేమో అడగండి. ముందే ఎందుకంటే, దానికి ప్రత్యేక శిక్షణ, పరికరాలు కావాలి. అవి అన్నిచోట్లా ఉండవు. లేవంటే, భయం మరీ ఎక్కువైనవాళ్లను కమ్యూనిటీ డెంటల్ సర్వీస్‌కు (మామూలు క్లినిక్‌లో వైద్యం కుదరనివాళ్లను చూసే ఎన్‌హెచ్‌ఎస్ విభాగం) రిఫర్ చేయమని అడగొచ్చు. అక్కడ చాలాకాలం ఆగాల్సి రావచ్చు కాబట్టి నొప్పి ముదిరేదాకా చూడొద్దు. అప్పటికే భరించలేకపోతే ఎన్‌హెచ్‌ఎస్ సహాయ నంబరు 111కు ఫోన్ చేయండి.

ఉదాహరణకు, లెస్టర్‌లో చదువుకునే విద్యార్థి నాటింగ్‌హామ్‌లో ఖాళీ దొరికితే అక్కడికే వెళ్లొచ్చు. మొదటి రోజు పరీక్ష మాత్రమే చేయాలని, చెయ్యెత్తగానే పని ఆపాలని ముందే మాట్లాడుకోవాలి. ఈ చిన్న ఒప్పందం భయాన్ని నిజంగా తగ్గిస్తుంది.

సెడేషన్ అంటే ఒళ్లు తెలియకుండా పడుకోబెట్టడమని చాలామంది అనుకుంటారు. కాదు. చేతి నరం గుండా మిడజోలం అనే మత్తుమందు ఎక్కించినా మగతగా ఉంటారే తప్ప, డాక్టర్ అడిగితే బదులివ్వగలరు. నొప్పి తెలియకుండా చిగురుకు వేసే ఇంజెక్షన్ ఎలాగూ ఉంటుంది. ఇంటికి తీసుకెళ్లడానికి పెద్దవాళ్లొకరు వెంట ఉండాలి. 24 గంటలు కారు నడపకూడదు.