బెంచ్‌మార్క్ ఫలితాల పేజీలో అంకె ఒక్కటే కాదు, అది ఎంత ఊగుతుందో కూడా చూపించండి

సాఫ్ట్‌వేర్ వేగం కొలిచే నలభై పరీక్షల (బెంచ్‌మార్క్‌ల) ఫలితాలు ఒకే పెద్ద టేబుల్‌లో పెట్టాం, కొత్త బిల్డ్ (మార్పులు కలిపి తయారుచేసిన కొత్త వెర్షన్) స్లో అయితే ఎరుపు, ఫాస్ట్ అయితే ఆకుపచ్చ వేస్తున్నాం, అయినా చూసేవాళ్లకి అర్థం కావట్లేదు, ఏం మార్చాలి అని అడిగారు. నేను మాదాపూర్‌లో ఒక డేటాబేస్ టీమ్‌లో ఆరేళ్లు ఇలాంటి పేజీనే చూసుకున్నానండి. డిజైన్ జోలికి వెళ్లేముందు, ప్రతి అంకె మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతుందో పేజీలో కనపడేలా చేయండి.

ఎందుకో చెప్తాను. మే నెలలో ఒక సోమవారం పొద్దున పేజీ తెరిస్తే సార్టింగ్ పరీక్ష గడి ఎర్రగా ఉంది. 412 మిల్లీసెకన్లు ఉండేది 431 అయింది. శుక్రవారం సాయంత్రం కోడ్ కలిపింది కొత్తగా చేరిన కుర్రాడు. ఆ గడి చూసిన టెన్షన్‌లో మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ఇద్దరం రెండు రోజులు అతని కమిట్ (అతను కలిపిన కోడ్ మార్పు) లైను లైనూ చూశాం. ఏమీ దొరకలేదు. చివరికి పాత బిల్డ్‌నే మళ్లీ నడిపితే అదీ 430 చూపించింది! ల్యాబ్ గదికి వెళ్లి తలుపు తీస్తే వేడి గాలి మొహానికి కొట్టింది. వారాంతంలో ఏసీ పాడైంది, ఎవరూ చూసుకోలేదు. ప్రాసెసర్ వేడెక్కి క్లాక్ వేగం తగ్గించుకుంది, అంతే. ఆ కుర్రాడు పడ్డ టెన్షన్ గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

తర్వాత ఆ టేబుల్ తీసేశాం. ప్రతి పరీక్షకీ ఒక అడ్డగీత, దాని మీద ఒక్కో రన్‌కి ఒక్కో చుక్క, మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యన ఉండే విలువ) దగ్గర మందమైన గుర్తు. పాత బిల్డ్ చుక్కలు పైన, కొత్తవి కింద. రెండు గుంపులూ ఒకదానిమీద ఒకటి పడుతుంటే రంగు వేయం. విడిపోతేనే రంగు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కొత్త బిల్డ్‌ను వరసగా 15 సార్లు నడిపితే, వేడి గదిలో 15 చుక్కలూ కలిసే కుడికి, అంటే ఎక్కువ సమయం వైపు, జరుగుతాయి, చూడటానికి నిజమైన తేడాలాగే ఉంటుంది. అందుకే పాతది ఒకసారి, కొత్తది ఒకసారి మార్చి మార్చి నడపాలి. మెషిన్ ఉష్ణోగ్రత, క్లాక్ వేగం కూడా ఆ గీత పక్కనే చిన్నగా చూపించండి.

చుక్కలు వద్దు, బార్లే కావాలంటే సున్నా నుంచే మొదలుపెట్టండి. 400 దగ్గర మొదలుపెడితే 431 బార్ 412 బార్‌కి రెండున్నర రెట్లు పొడుగ్గా కనిపిస్తుంది. ఉన్న తేడా 5 శాతం కూడా లేదు.

పైన మొత్తానికి ఒక స్కోరు పెట్టాలని మీ మేనేజర్ అడుగుతారు, తప్పదు. అప్పుడు నిష్పత్తులకి (కొత్త బిల్డ్ సమయాన్ని పాతదాని సమయంతో భాగిస్తే వచ్చేవి) మామూలు సగటు కట్టొద్దు. రెండు పరీక్షలున్నాయనుకోండి: ఒకదాంట్లో కొత్త బిల్డ్ రెట్టింపు సమయం తీసుకుంది, ఇంకోదాంట్లో సగమే. 2, 0.5 సగటు 1.25, అంటే కొత్తది 25 శాతం స్లో. ఇప్పుడు కొత్తదాన్ని ఆధారంగా తీసుకుని పాతదానికి లెక్క కట్టండి, అదీ 25 శాతం స్లో అనే వస్తుంది! అదే గుణమధ్యమం, అంటే ఆ రెండింటినీ గుణించి వర్గమూలం, కడితే ఎటు నుంచి చూసినా 1. ఫ్లెమింగ్, వాలెస్ అనే ఇద్దరు 1986లోనే ఈ సంగతి రాశారు. కంప్యూటర్ల వేగానికి ప్రామాణిక పరీక్షలు తయారుచేసే స్పెక్ (SPEC) సంస్థ సీపీయూ స్కోర్లు కట్టేదీ ఇలాగే.

రంగుల విషయం: మా టీమ్‌లో ఒకాయనకి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఏడాది పాటు ఆ పేజీ చూస్తూ ఎవరికీ చెప్పలేదు. నీలం, నారింజకి మారండి, బాణం గుర్తు కూడా పెట్టండి. మిల్లీసెకన్ల దగ్గర ‘తక్కువైతే మంచిది’, సెకనుకి రిక్వెస్టుల దగ్గర ‘ఎక్కువైతే మంచిది’ అని ప్రతిచోటా రాయండి. మారిన పరీక్షలు పైన, మిగతావి మడిచి కింద.

ఇవన్నీ ఒకేసారి పెట్టుకోకండి. ఇవాళ రాత్రి ఒకే బిల్డ్‌ను పాతదిగా, కొత్తదిగా రెండు పేర్లతో పేజీలోకి ఎక్కించి చూడండి. పొద్దున ఎన్ని గడులు ఎర్రగా కనిపిస్తే, అన్నిచోట్లా రంగు వేయడానికి మీరు పెట్టుకున్న హద్దు సరిపోవట్లేదని లెక్క.