అన్నం గిన్నె దగ్గర మొదలైన అలక

మేడమ్, మాది కాకినాడ. బ్యాంకులో పనిచేస్తాను. మా బాబుకి 20 నెలలు. పగలంతా అత్తయ్య దగ్గరే ఉంటాడు. ఫోన్‌లో పాటలు పెడితే గానీ నోరు తెరవడు, ఒక్కో పూటకి గంట పడుతోంది. రోజుకి నాలుగు సీసాల పాలు తాగుతాడు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఏడాదికి 8.9, ఇప్పుడు 10.2. చూసినవాళ్ళంతా ‘చిక్కిపోయాడేమిటి’ అంటారు. పోయిన వారం నేను వచ్చేసరికి వాడి బుగ్గలో ముద్ద, చేతిలో ఫోన్. కోపం ఆపుకోలేక ఫోన్ లాగేశాను. ‘అంత తెలిసినదానివి ఉద్యోగం మానేసి నువ్వే పెంచుకో’ అన్నారు అత్తయ్య. అప్పట్నుంచి ముభావంగా ఉంటున్నారు. మావారేమో ‘మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగొద్దు’ అంటారు. అన్నిటికంటే బాధ, నేను వచ్చి ఎత్తుకోబోతే బాబు నానమ్మ కొంగు వెనక్కి పోతాడు. తర్వాత నా దగ్గరికొచ్చినా పేచీయే. పగలంతా బుద్ధిగా ఉంటాడట. ఉద్యోగం మానేయనా?

– ఓ తల్లి

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నం గురించి అంత రాసి, కొంగు గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఏడుస్తూ రాసింది మాత్రం ఆ ఒక్క ముక్కేనని నాకు అర్థమవుతోంది. దాని దగ్గరికి వస్తాను. ముందు అన్నం సంగతి తేల్చుకుందాం, ఇంట్లో వేడి అక్కడే రాజుకుంటోంది గనక.

మొదటి ఏడాది మీ బాబు ఆరు కిలోలు పెరిగాడు. తర్వాతి ఎనిమిది నెలల్లో 1.3 కిలోలు. ఇది చూసే మీరంతా హడలిపోతున్నారు. పిల్లల ఎదుగుదలే అలా ఉంటుంది. ఏడాది నిండేసరికి పుట్టిన బరువుకి మూడింతలవుతారు, రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదిగే వేగం తగ్గినప్పుడు ఆకలీ తగ్గుతుంది. పది నెలలప్పుడు గిన్నె ఖాళీ చేసినవాడు ఇప్పుడు నాలుగు ముద్దలకే మొహం తిప్పుకుంటున్నాడంటే అది మొండితనం కాదు, వాడి పొట్ట చెబుతున్న మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో 20 నెలల మగపిల్లలకి నడిమి బరువు 11.3 కిలోలు, తక్కువ బరువు అని చెప్పే గీత 9.1 దగ్గర ఉంటుంది. మీవాడు ఆ గీతకి కిలో పైనే ఉన్నాడు. సన్నటి పిల్లాడు, అంతే. తల్లీబిడ్డల కార్డులో ఈ గీతలన్నీ ఉంటాయి. నెలకోసారి తూయించి చుక్క పెట్టించండి. చుక్కలు పైకి పోతున్నంత కాలం, చూడ్డానికి వచ్చినవాళ్ళ మాటలు చెవిన పెట్టకండి.

నన్ను ఆపింది మాత్రం ఆ నాలుగు సీసాల పాలు. సీసా 200 మిల్లీలీటర్లదైనా రోజుకి 800 అవుతుంది. గుప్పెడంత పొట్టలో అన్ని పాలు పోశాక అన్నానికి చోటెక్కడిది? ఈ వయసుకి అర లీటరు దాటకూడదు. పాలలో ఇనుము చాలా తక్కువ, పాలతోనే కడుపు నిండే పిల్లలకి రక్తహీనత వస్తుంది. రక్తం తక్కువైతే ఆకలి ఇంకా మందగిస్తుంది, మళ్ళీ పాలే పడతాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. కాబట్టి ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. ఐరన్ సిరప్ గురించి మీ పిల్లల డాక్టర్ని గానీ, ఏఎన్ఎమ్‌ని గానీ అడగండి. పాలు పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, అదీ సీసాతో కాకుండా చిన్న గ్లాసుతో. సీసా కనిపించకపోతే రెండు మూడు రోజులు గోల చేస్తాడు, తర్వాత మరిచిపోతాడు.

ఇక ఫోన్. నేను సలహాలిచ్చే గదిలోనే ఒకసారి చూశాను. ఓ తల్లి పాపకి పెరుగన్నం తినిపిస్తోంది. పాప కళ్ళు ఫోన్ మీద, నోరు దానంతటదే తెరుచుకుంటోంది. ఉన్నట్టుండి ఛార్జింగ్ అయిపోయింది. తెర నల్లబడగానే పాప ఉలిక్కిపడి, నోట్లో ఏదో ఉందని అప్పుడే తెలిసినట్టు నాలుకతో తడుముకుని మొత్తం బయటికి తోసేసింది. అంతవరకూ మింగిన ఎనిమిది ముద్దల్లో ఒక్కదాని రుచీ ఆ పసిదానికి తెలియదు. మీవాడి బుగ్గలో ముద్ద అలాగే ఉండిపోవడానికీ కారణం అదే. అలా పెట్టడంలో పొలమారే ప్రమాదం కూడా ఉంది. రెండేళ్ళలోపు పిల్లలకి తెర వద్దేవద్దని మన పిల్లల డాక్టర్ల సంఘమే చెబుతోంది. ఊళ్ళో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్ మాట్లాడించడం వరకూ ఫరవాలేదు.

అయితే మీ అత్తగారు ఫోన్ ఎందుకిస్తున్నారో ఆలోచించారా? ఆవిడ వయసులో, పరిగెత్తే పిల్లాడి వెనక గిన్నె పట్టుకుని మేడమెట్లు ఎక్కి దిగడం ఎంత కష్టం! పైగా ‘చిక్కిపోయాడు’ అన్న మాట ఎవరు అన్నా పగలంతా పిల్లాణ్ణి చూసేది ఆవిడే కాబట్టి ముందు ఆవిడకే తగులుతుంది. కోడలు ఇంటికొచ్చేసరికి గిన్నె ఖాళీగా కనిపించకపోతే తన పెంపకానికే మాటొస్తుందని ఆవిడ భయం. అలాంటి మనిషి చేతిలోంచి ఫోన్ లాగేస్తే ఆవిడకి వినిపించేది ‘నీకు చేతకాదు’ అనే. ఉద్యోగం మానేయమన్నది ఆ దెబ్బకి వచ్చిన మాట, పట్టుకుని కూర్చోకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆవిడనీ తీసుకెళ్ళండి. బరువు సరిగ్గానే ఉందని డాక్టరు నోట ఆవిడ చెవులతో వినాలి. మీరు ఇంటికొచ్చి చెబితే అది తప్పుపట్టినట్టే ఉంటుంది.

ఫోన్ మాన్పించడం రెండో శనివారం మొదలుపెట్టండి, మీకెలాగూ రెండు రోజులు సెలవు. వీలైతే సోమవారం కూడా పెట్టుకోండి. ఆ మొదటి రోజుల ఏడుపంతా అత్తగారి నెత్తిన పడకూడదు. పాత దుప్పటి పరిచి అందరూ కింద కూర్చోండి. వాడికో చిన్న పళ్ళెం, అందులో మెత్తటి పప్పన్నం నెయ్యి వేసి, ఓ ఇడ్లీ ముక్క, ఉడికిన గుడ్డు కొంచెం. వాడి చేత్తోనే తిననివ్వండి. సగం దుప్పటి మీద, పావు జుట్టులో, పావు నోట్లో. ఆ పావే ఎక్కువ అనుకోండి. మధ్యలో మీరో గోరుముద్ద పెట్టొచ్చు, తల తిప్పితే ఆపేయాలి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మన చేతిలో పని, ఎంత తినాలన్నది వాడి పొట్టకి వదిలేయాలి. అరగంట దాటితే పళ్ళెం తీసేయండి, మళ్ళీ తర్వాతి పూటే. మధ్యలో బిస్కెట్లు వద్దు. వేరుశనగ గుళ్ళు, ద్రాక్షపళ్ళు అలాగే ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. నాలుగైదు రోజులు మునుపటికంటే తక్కువే తింటాడు, భయపడొద్దు. వరసగా రెండు మూడు నెలలు బరువు కదలకపోయినా, పాలిపోయినట్టున్నా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, కావాల్సినదాన్ని వేలితో చూపించకపోయినా ఆగకుండా డాక్టరుకి చూపించాలి.

ఇప్పుడు ఆ కొంగు దగ్గరికి వద్దాం. ఈ వయసు పిల్లలు ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి వెంటనే మారలేరు. పొద్దున్నుంచీ కనపడని అమ్మ గుమ్మంలో హఠాత్తుగా కనపడితే, ఉన్నచోటినే ఇంకాస్త గట్టిగా పట్టుకుంటారు. మిమ్మల్ని వద్దనుకోవడం కాదది. ఇక పేచీ అంటారా, పగలంతా లోపల దాచుకున్నదంతా ఒలకబోయడానికి వాడు మీ ఒడినే ఎంచుకున్నాడు. పిల్లలు తమకి బాగా చనువున్నచోటే పేచీ పెడతారు. మా అమ్మాయి ఆ వయసులో ఉన్నప్పుడు నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. దానికి నా మీద ప్రేమ లేదనుకుని స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చిన సాయంత్రాలున్నాయి నాకు. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇంటికి రాగానే ఎత్తుకోవద్దు, వంటింట్లోకీ వెళ్ళొద్దు. చేతులు కడుక్కుని వాడికి నాలుగడుగుల దూరంలో నేల మీద కూర్చోండి. వాడి మూతలో, గరిటెలో ఏవో మీ ముందు పెట్టుకుని ఊరికే ఆడుతూ ఉండండి. వాడే వస్తాడు. రాత్రి స్నానం, నిద్రపుచ్చడం మీ పనులుగా ఉంచుకోండి, ఎంత అలసిపోయినా సరే.

మీవారితో ఓ మాట. బాబూ, మధ్యకి లాగొద్దంటే ఎలా? మీ అమ్మ మీద మీ ఆవిడ ఫిర్యాదు చేస్తోందనుకోకండి, మీ కొడుకు తిండి గురించి మాట్లాడుతోంది. మీ అమ్మతో ఫోన్ సంగతి మీరే చెప్పండి, కోడలు చెబితే వేరేగా వినిపిస్తుంది. అన్నాల వేళ మీ ఫోన్ కూడా బీరువాలో పెట్టండి. అమ్మకి మధ్యాహ్నం రెండు గంటలు నడుం వాల్చే వీలు కల్పించండి, అందుకు ఓ పనమ్మాయిని పెట్టుకోవాల్సి వచ్చినా పెట్టుకోండి.

ఉద్యోగం విషయం మూడు నెలలదాకా ఎత్తకండి. పిల్లాడి కోసం మీకై మీరు మానాలనిపిస్తే అప్పుడు వేరేగా మాట్లాడుకుందాం. ఒక మాట తగిలిందని మాత్రం మానకండి.

రెండో శనివారం దాకా ఆగక్కర్లేనిది ఒకటుంది. రేపు సాయంత్రం అత్తగారికి కాఫీ ఇచ్చి పక్కన కూర్చుని, ‘ఆ రోజు అలా లాగేసి ఉండకూడదు అత్తయ్యా’ అనండి. తర్వాత, ‘మీ అబ్బాయి ఈ వయసులో ఏం తినేవారు?’ అని అడగండి.