టేపు కొక్కెం ఎందుకు కదులుతుంది?

ప్రశ్న: కొలత టేపు చివర కొక్కెం వదులైంది. మిల్లీమీటరు దాకా అటూ ఇటూ కదులుతోంది. సుత్తితో కొట్టి బిగించుకోవచ్చా?

జవాబు: బిగించకండి, అది కావాలనే అలా వదులుగా పెడతారు. కొక్కెం రేకు మందమెంతో కదలిక అంత. పలక అంచుకు తగిలించి లాగితే కొక్కెం ముందుకు జరిగి, దాని లోపలి ముఖం సున్నా అవుతుంది. అలమర లోపలి గోడకు ఆనించి నొక్కితే వెనక్కి జరిగి, బయటి ముఖం సున్నా అవుతుంది. బిగించేశారో, ఈ రెండింట్లో ఒకటి ఎప్పుడూ తప్పే చూపిస్తుంది.

అనుమానం ఉంటే, అంచు నుంచే సున్నా మొదలయ్యే ఉక్కు స్కేలుతో పోల్చండి. ఒకసారి తగిలించి లాగి, ఒకసారి గోడకు ఆనించి నొక్కి. లాగినప్పుడో నొక్కినప్పుడో తేడా వస్తే కొక్కెం వంగిందనో, రంధ్రాలు అరిగాయనో అర్థం. టేపు జారి పడితే చాలాసార్లు దెబ్బ తినేది అదే. అప్పుడు 10 సెం.మీ. గీత నుంచి మొదలుపెట్టండి. 50 సెం.మీ. ముక్క కావాలంటే గుర్తు 60 దగ్గర పెట్టాలి. అలవాటు కొద్దీ 50 దగ్గర పెడితే ముక్క 40కి తెగుతుంది, ఇక చేసేదేమీ ఉండదు.

ప్రశ్న: వెర్నియర్ కాలిపర్స్‌తో (వస్తువును రెండు దవడల మధ్య పట్టి మందం కొలిచే పరికరం) ఒకే కడ్డీకి 12.04, 12.10, 12.16 మి.మీ. వచ్చాయి. ఏది తీసుకోవాలి?

జవాబు: సగటు తీయకండి, ముందు కారణం వెతకండి. దవడలు తుడిచి, మూసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సందులోంచి వెలుతురు కనబడకూడదు, రెండు స్కేళ్ల సున్నా గీతలు కలవాలి. మూసినప్పుడే 0.04 చూపిస్తే ప్రతి కొలతలోంచీ అంత తీసేయాలి. ఇక మిగిలింది చేతి తప్పు. కడ్డీని దవడల కొసల్లో పట్టి గట్టిగా నొక్కితే జారే దవడ ఒరిగి, కొలత తక్కువ వస్తుంది. కాలిపర్స్ వాలితే ఎక్కువ వస్తుంది. కడ్డీని స్కేలుకు దగ్గరగా, దవడల మొదట్లో పెట్టి, మెల్లగా ఊపుతూ వచ్చే అతి తక్కువ కొలత తీసుకోండి. 90 డిగ్రీలు తిప్పి మళ్లీ చూడండి. అప్పుడూ తేడా ఉంటే కడ్డీయే గుండ్రంగా లేదు.

ప్రశ్న: కారు టైరు గేజీ పొద్దున ఒకటి, ప్రయాణం తర్వాత ఇంకొకటి చూపుతోంది. చెడిందా?

జవాబు: చెడలేదు. నడిచిన టైరులో గాలి వేడెక్కి పీడనం పెరుగుతుంది. బండి కనీసం 3 గంటలు ఆగాక కొలిచిందే లెక్క. వేడి మీద గాలి తీసేస్తే చల్లారాక తక్కువవుతుంది. గేజీ పెట్టినప్పుడు బుస్సుమంటుంటే వాల్వు మీద సరిగా కూర్చోలేదన్నమాట, ఆ అంకె వదిలేసి మళ్లీ పెట్టండి. పోల్చాల్సింది టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ అంకెతో కాదు, డ్రైవరు తలుపు దగ్గరి పట్టీ మీదున్న అంకెతో.