ఫీల్డ్ సీజన్ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకో

తమ్ముడూ, అడవుల్నీ జంతువుల్నీ కాపాడే చదువు, అంటే కన్జర్వేషన్, విదేశంలో చదవాలనుందంటూ ఏ యూనివర్సిటీ మంచిది, ఏ సబ్జెక్టులు తీసుకోవాలి, జంతువుల మీద పని దొరుకుతుందా అని అడిగావు. అన్నీ అడగాల్సినవే. అసలైనది మాత్రం వదిలేశావు. నేనూ అది అడక్కుండానే విమానం ఎక్కాను కాబట్టి నిన్ను తప్పు పట్టను. ఫీల్డ్ సీజన్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

కన్జర్వేషన్ చదువంటే సగం క్లాసులో, సగం అడవిలో. ఆ అడవిలో పనిచేసే నెలలే ఫీల్డ్ సీజన్. నేను ఫీజు, అద్దె మాత్రమే లెక్క వేసుకుని వచ్చాను. బ్యాటరీలు, మెమరీ కార్డులు, బూట్లు, సైటుకి ప్రయాణం, అన్నిటికీ ముందు మన చేతి డబ్బే పెట్టాలని, బిల్లులిస్తే తర్వాత తిరిగిస్తారని వచ్చాకే తెలిసింది. ఆ ‘తర్వాత’ రెండు నెలలు పట్టింది. అద్దె టెన్షన్‌లో ఉన్నవాడికి పిట్ట కూత కూడా చెవికెక్కదు.

మొదటి సీజన్‌లో కెమెరా ట్రాప్‌ని, అంటే జంతువు ఎదురుగా వస్తే తనంతట తనే ఫొటో తీసే కెమెరాని, చెట్టుకి మోకాలెత్తున కట్టాను. ముందున్న గడ్డి కోయలేదు. ఆ కెమెరాలో సెన్సరు పసిగట్టేది కదిలే వేడిని. ఎండకి కాగిన గడ్డి గాలికి ఊగినా ఫొటో తీసేస్తుంది. మూడు వారాలకి వెళ్ళి కార్డు తెరిస్తే వేలకొద్దీ ఫొటోలు. అన్నిట్లో అదే గడ్డిపోచ, ఒకదాంట్లో ఎడమకి, ఇంకోదాంట్లో కుడికి. కార్డు ఆరో రోజుకే నిండిపోయింది, బ్యాటరీలు అయిపోయాయి. అవి నా డబ్బుతో కొన్నవి. ఇప్పుడైతే ముందు గడ్డి కోస్తాను, పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ నేరుగా పడని దిక్కు చూసి కడతాను, కెమెరా ముందు నేనే వంగి నడిచి టెస్ట్ ఫొటో చూసుకుంటాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా గడ్డి ఫొటోలు తేలేదు.

అంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టించిన తప్పు ఇంకోటుంది. కాలిన అడవి ఒకటి, కాలనిది ఒకటి ఎంచుకుని, ఒక్కోదాంట్లో మొక్కలు లెక్కపెట్టడానికి పన్నెండు ప్లాట్లు, అంటే కొలిచి గీసుకున్న చిన్న గడులు, వేశాను. ఇరవై నాలుగు శాంపిళ్ళని సంబరపడ్డాను. గైడు చూసి, “నీ దగ్గరున్నవి రెండే” అన్నారు. మొక్కల్లో తేడా మంట వల్ల వచ్చిందో, ఆ రెండు చోట్ల మట్టే వేరో ఆ డేటా చెప్పలేదు. ఒకే చోటి ప్లాట్లని విడివిడి శాంపిళ్ళుగా లెక్కేసే ఈ తప్పుకి సూడోరెప్లికేషన్ అని హర్ల్‌బర్ట్ అనే ఎకాలజిస్టు 1984లోనే పేరు పెట్టాడు. నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అడవిలోకి వెళ్ళాక మర్చిపోయాను. రెండో సీజన్‌కి గ్రాంటులో పైసా లేదు. ఇంటికి ఫోన్ చేసి డబ్బు అడిగిన ఆ సాయంత్రం ఇప్పటికీ గుర్తే. అప్పు తీర్చేశాను, డిగ్రీ కూడా చేతికొచ్చింది.

అందుకే చెప్తున్నా, వైల్డ్‌లైఫ్ సబ్జెక్టుకన్నా ముందు స్టాటిస్టిక్స్ తీసుకో. డేటా లెక్కలు చేసే ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో, అది ఉచితం. ఫీల్డుకి డబ్బు లేకపోతే, ఏ జీవి ఎక్కడ కనిపించిందో ప్రపంచమంతటి నుంచీ పోగేసే జీబిఐఎఫ్ (GBIF) అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో రెండు వందల కోట్లకు పైగా జాతుల నమోదులు ఉచితంగా దొరుకుతాయి, వాటితో మంచి థీసిస్ రాయొచ్చు. కాకపోతే అవి జనం తిరిగే దారుల పక్కనే ఎక్కువగా పోగుపడి ఉంటాయి. మ్యాపు మీద ఆ నమోదుల చుక్కలు లేని చోట జంతువులే లేవనుకోకు.

2030 నాటికి నేలలో, సముద్రంలో 30 శాతం కాపాడాలని 2022లో కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందంలో దాదాపు దేశాలన్నీ ఒప్పుకున్నాయి కదా, ఉద్యోగాలు బోలెడుంటాయని రాశావు. లక్ష్యం వేరు, నీకొచ్చే జీతం వేరు. ఈ రంగంలో అనుభవం పేరుతో జీతం లేకుండా, ఒక్కోసారి మనమే డబ్బు కట్టి చేసే పనులు చాలా ఉన్నాయి. తిండి, బస కూడా ఇవ్వనిది ఒప్పుకోకు. స్టూడెంట్ వీసా మీద జీతం లేని పని కూడా కొన్నిచోట్ల కుదరదు. శాంపిళ్ళు దేశం దాటించాలంటే జన్యు వనరుల వాడకం మీద ఉన్న నగోయా ఒప్పందం, ముప్పున్న జాతుల్ని దేశాలు దాటించడం మీద ఉన్న సైటిస్ (CITES) ఒప్పందం అనుమతులు ఉంటాయి. ఆ రూల్స్ యూనివర్సిటీ సైట్‌లో చూసుకో.

గైడుకి రాసే మొదటి మెయిల్లోనే అడిగెయ్: ఫీల్డ్ ఖర్చు ముందే ఇస్తారా, బిల్లుల మీద ఇస్తారా? స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? సీజన్ పాడైతే రెండోసారికి డబ్బుందా? మొహమాటపడకు. జవాబు రాగానే నాకు పంపు, ఎన్ని సైట్లు పెట్టుకోవచ్చో కూర్చుని లెక్కేద్దాం.