స్పీకర్ల సంఘంలో చేరితే ప్రోగ్రాములు వస్తాయా?

అడిగింది ఇదీ: బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో ఇంజినీరింగ్ కాలేజీలకు వెళ్లి మోటివేషన్ క్లాసులు చెబుతున్నారు, ప్రొఫెషనల్ స్పీకర్ల సంఘంలో చేరమని ఫ్రెండ్ పోరు పెడుతున్నాడు, సభ్యత్వం ఫీజు చూస్తే గుండె గుభేలుమంది. చేరితే ప్రోగ్రాములు వస్తాయా, లేక ప్రసంగాలు ప్రాక్టీసు చేయించే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుతో సరిపెట్టుకోవచ్చా?

ప్రోగ్రాములు రావు. నెట్‌వర్కింగ్, విజిబిలిటీ అంటూ ఇక్కడ చాలామంది రాస్తారు, నమ్మకండి. విజిటింగ్ కార్డు మీద సంఘం లోగో చూసి ఏ ప్రిన్సిపాలూ నన్ను పిలవలేదు. పిలిచినవాళ్లంతా ఎక్కడో నా మాట విన్నవాళ్లు, లేదంటే విన్నవాళ్లు చెబితే ఫోన్ చేసినవాళ్లు. అయినా సరే చేరమనే చెబుతాను. దానికి కారణం వేరే ఉంది, అక్కడికి రావడానికి కొంచెం టైమ్ పడుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఈ రెండింటినీ ఒక గాటన కట్టేయకండి. టోస్ట్‌మాస్టర్స్ మాట్లాడటం నేర్పుతుంది, ప్రొఫెషనల్ సంఘం మాట్లాడి బతకడం నేర్పుతుంది. మొదటిది 1924 అక్టోబర్ 22న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, వైఎంసీఏ బేస్‌మెంట్లో, రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన మొదలుపెట్టింది. నూరేళ్లు దాటినా పద్ధతి పెద్దగా మారలేదు. మీరు మాట్లాడతారు, ఇంకొకరు లేచి మీరెలా మాట్లాడారో మీ ముందే చెబుతారు, ఒకరు వాచీ చూస్తూ కూర్చుంటారు, మరొకరు మీ ‘ఆ’లూ ‘ఊ’లూ ‘యాక్చువల్లీ’లూ లెక్కపెట్టి చివర్లో చదివి వినిపిస్తారు. 5 నుంచి 7 నిమిషాల ప్రసంగమైతే 5 నిమిషాలకు పచ్చ, 6కి పసుపు, 7కి ఎరుపు కార్డు చూపిస్తారు. ఎరుపు చూశాక ఇంకో 30 సెకన్లు, అంతే. పోటీల్లో అది కూడా దాటితే ఇంటికే.

ఒకప్పుడు ఆ సంస్థలో ఆడవాళ్లకు ప్రవేశమే ఉండేది కాదు, 1973లో గానీ తలుపులు తెరవలేదు. హెలెన్ బ్లాంచర్డ్ అనే ఆవిడ 1970లో హోమర్ అన్న మగపేరుతో సభ్యత్వం తీసుకుని, 1985లో అదే సంస్థకు అంతర్జాతీయ అధ్యక్షురాలయ్యారు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి, ఇంగ్లిష్ సరిగ్గా రాదు కదా సార్, క్లబ్బులో రానిస్తారా అని అడిగేవాళ్ల మీద నాకు జాలి తగ్గిపోయింది. రానిస్తారు. తెలుగులో నడిచే క్లబ్బులు కూడా ఉన్నాయి, వెతుక్కోండి. గెస్టుగా వెళ్లి చూసి రావడానికి పైసా ఖర్చు లేదు.

ఇక రెండో రకం. అమెరికాలో నేషనల్ స్పీకర్స్ అసోసియేషన్‌ను 1973లో మొదలుపెట్టిన కావెట్ రాబర్ట్, అరిజోనాలో లాయరు. ఆయన కూడా టోస్ట్‌మాస్టర్స్‌ నుంచే వచ్చాడు, 1942లో వాళ్ల ప్రసంగాల పోటీ గెలిచాడు. మాట్లాడి సంపాదించేవాళ్లు ఒకరి ప్రోగ్రాం ఒకరు లాక్కోవడం మానేసి, అందరూ కలిసి మార్కెట్టునే పెంచుకోవాలన్నది ఆయన ఉద్దేశం. 1980 నుంచి వాళ్లు సీఎస్పీ (సర్టిఫైడ్ స్పీకింగ్ ప్రొఫెషనల్) అనే గుర్తింపు ఇస్తున్నారు. దానికి మీ గొంతు ఎంత బాగుందన్నది ఒక్కటే చాలదు, డబ్బు తీసుకుని ఎన్ని ప్రసంగాలు ఇచ్చారు, పిలిచినవాళ్లు ఏమన్నారు అని లెక్కలు అడుగుతారు. మన దేశంలోనూ ప్రొఫెషనల్ స్పీకర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అని ఉంది. మీ ఫ్రెండ్ చెబుతున్నది బహుశా దాని గురించే.

నేను ఒకప్పుడు గుంటూరులో డిగ్రీ కాలేజీ లెక్చరర్ని, ఇప్పుడు పూర్తిగా ట్రైనింగుల మీదే బతుకుతున్నాను. ఉద్యోగం మానేసిన కొత్తల్లో, ఇలాంటి సంఘం ఒకటి హైదరాబాద్‌లో ఒక హోటల్లో పెట్టిన సమావేశానికి గెస్టుగా వెళ్లాను. స్టేజీ మీద ఎలా నిలబడాలి, చేతులు ఎక్కడ పెట్టాలి, ఇలాంటివి చెబుతారనుకున్నాను. పొద్దుట సెషన్లో వాటి ఊసే లేదు. అందరినీ లేపి ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఒకరు క్లయింటు, రెండోవారు స్పీకరు. క్లయింటు అడగాల్సింది ఒకే ప్రశ్న, ‘మీ ఫీజు ఎంతండీ?’ స్పీకరు అంకె చెప్పి నోరు మూసుకోవాలి. క్లయింటు మళ్లీ మాట్లాడేదాకా కిక్కురుమనకూడదు. నడిపించే ఆవిడ చేతిలో ఒక గంట, పూజలో వాడేలాంటి చిన్న ఇత్తడి గంట.

నా ఎదురుగా కూర్చున్నాయన పేరు చెప్పను గానీ, ఆ గొంతు మైకు లేకుండా ఆడిటోరియం చివరి వరసదాకా వినిపిస్తుంది. ఐదారు వందల మంది పిల్లలు అల్లరి చేస్తుంటే ఒక్క మాటతో కూర్చోబెట్టడం నేను కళ్లారా చూశాను. ‘మీ ఫీజు ఎంతండీ?’ అన్నాను. ఆయన మంచినీళ్ల సీసా మూత తీసి, తాగకుండానే మళ్లీ బిగించి, ‘చూడండి, ఫీజు అని కాదు గానీ...’ అన్నారు. గంట మోగింది. మళ్లీ అడిగాను. ఈసారి అంకె వచ్చింది, దాని వెనకే ‘అంటే మీ బడ్జెట్‌ను బట్టి...’ కూడా వచ్చింది. గంట. మూడోసారి అంకె మాత్రమే చెప్పి, కర్చీఫ్ తీసి చేతివేళ్లు ఒక్కొక్కటే తుడుచుకోవడం మొదలుపెట్టారు. నేను మాట్లాడకుండా ఆయన్నే చూస్తూ కూర్చున్నాను, రూలు అదే మరి. పది సెకన్లు కూడా అయ్యుండదు, ఆయన నుదుటి మీద చెమట. ‘కాలేజీ చిన్నదైతే సగం ఇచ్చినా పర్లేదండీ’ అనేశారు. హాల్లో ఏ మూల చూసినా ఇదే తంతు, గంట మోగుతూనే ఉంది. మాట్లాడటమే వృత్తిగా బతికే మనుషులు ఒక అంకె చెప్పి ఊరుకోలేకపోతున్నారు!

ఆ తర్వాత వారంలోనే పల్నాడు వైపు ఒక కాలేజీ నుంచి సెక్రటరీ గారు ఫోన్ చేశారు, ఫ్రెషర్స్‌కు ఓరియెంటేషన్. అడిగారు, చెప్పాను, ఊరుకున్నాను. అవతల ఎవరో ఫైళ్లు సర్దుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ‘హలో, సార్, లైన్లో ఉన్నారా?’ ‘ఉన్నానండీ.’ ‘సరే సార్, దీని మీద జీఎస్టీ ఏమైనా ఉంటుందా?’ అదీ కథ. నేను పుచ్చుకునేది ఏడాదికి 20 లక్షల దరిదాపుల్లో కూడా లేదు కాబట్టి జీఎస్టీ లేదని చెప్పాను, ఆయన తేదీ రాసుకున్నారు.

సంఘంలో చేరమని నేను అంటున్నది ఇందుకే. మాట్లాడటం కూడా పనే, దానికి ఒక రేటు ఉంటుంది అని మనకు బయట ఇంకెవరూ చెప్పరు. మన దగ్గర స్పీకరు అంటే శాలువా, మెమెంటో, భోజనం, ‘దారి ఖర్చులు ఇస్తాం సార్’. మా ఇంట్లో బీరువా నిండా శాలువాలే. టెంటు వాడికి, కేటరింగ్ వాడికి, ఫొటోగ్రాఫర్‌కు, మైకు సెట్ కుర్రాడికి లెక్కకట్టి ఇస్తారు, ఆ మైకులో మాట్లాడే మనిషి దగ్గరికి వచ్చేసరికి ‘సేవాభావం’ గుర్తొస్తుంది. హరికథ, బుర్రకథ పెట్టించుకున్నప్పుడు మన పెద్దవాళ్లు బయానా ఇచ్చి మాట్లాడుకునేవాళ్లు, అందులో ఎవరికీ నామోషీ అనిపించలేదు. ఈ మొహమాటం ఎప్పుడు పట్టుకుందో గానీ గట్టిగా పట్టుకుంది.

డబ్బు ఇచ్చేవాళ్లతో ఇంకో తలనొప్పి. 10 శాతం టీడీఎస్ అని పన్ను ముందే కోసుకుంటారు, బాగానే ఉంది. ఒక కాలేజీ అలాగే కోసుకుంది, ఏడాది చివర మన పేరు మీద జమైన పన్ను చూపించే 26ఏఎస్‌లో చూస్తే దాని ఊసే లేదు. ఫోన్ చేస్తే అకౌంటెంట్ మారాడన్నారు, పన్ను కోసినట్టు ఇవ్వాల్సిన సర్టిఫికెట్, ఫారం 16ఏ, అడిగితే అదేంటి సార్ అన్నారు. ఇలాంటివాటికి ఏం చెయ్యాలో నాకు చెప్పింది ఆ సమావేశాల్లో పరిచయమైనవాళ్లే. ప్రోగ్రాం ఖాయం కాగానే అన్నీ ఈమెయిల్లో రాయించుకోవాలి, సగం అడ్వాన్సు తీసుకోవాలి, పాన్ నంబరు మనమే ముందు పంపాలి. ఇవి ఏ పర్సనాలిటీ డెవలప్‌మెంట్ పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

టైము గురించి కూడా ఒక మాట అనేస్తాను, లేకపోతే నాకు నిద్ర పట్టదు. మన సభలకు ఆ ఎర్ర కార్డు చట్టం చేసి పెట్టాలి. తొమ్మిదిన్నరకు మొదలవ్వాల్సిన సభ ముఖ్య అతిథి కోసం పదకొండు దాకా ఆగుతుంది, తర్వాత జ్యోతి ప్రజ్వలన, బొకేలు, వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరికీ పేరుపేరునా పరిచయం, ఆ పరిచయాల మీద మళ్లీ స్పందన. అవధానంలో అప్రస్తుత ప్రసంగానికి ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెడతాం, మన సభల్లో ఆ పని అధ్యక్షులవారే చూసుకుంటారు. అసలు స్పీకరుకు మైకు అందేసరికి సాంబారు వాసన హాల్లోకి వచ్చేసి ఉంటుంది, చెవిలో ‘సార్, పది నిమిషాల్లో ముగించెయ్యండి’ అని చెబుతారు. టోస్ట్‌మాస్టర్స్ వల్ల నాకు ఒరిగిన పెద్ద లాభం ఇక్కడే, గంట ప్రసంగాన్ని అప్పటికప్పుడు పది నిమిషాలకు కుదించమన్నా టెన్షన్ పడను.

మీ విషయానికొస్తే, ఇప్పుడే పెద్ద సభ్యత్వానికి డబ్బు పొయ్యకండి. దగ్గర్లో టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు ఉంటే వెళ్లండి, ఆరు నెలలకోసారి కట్టే చందా డాలర్లలో ఉన్నా భరించగలిగేదే. ప్రొఫెషనల్ సంఘానికి గెస్టుగా వెళ్లనిస్తే ఒకటి రెండు సమావేశాలు చూడండి. అక్కడ టీ బ్రేకులో జనం ఏం మాట్లాడుకుంటున్నారో వినండి: కాంట్రాక్టులు, క్లయింట్లు, రేట్ల గురించైతే చేరొచ్చు, ఒకరితో ఒకరు సెల్ఫీలు దిగి ‘ఇంటర్నేషనల్ స్పీకర్’ అని స్టేటస్ పెట్టుకుంటుంటే వచ్చేయండి. ప్రోగ్రాములు కావాలంటే సీజను పట్టుకోవాలి. ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రాం పెట్టమన్న దగ్గర్నుంచి కొత్త బ్యాచ్ వచ్చే రోజుల్లో ఇంజినీరింగ్ కాలేజీలు స్పీకర్ల కోసం వెతుక్కుంటాయి. మార్చి 4 భద్రతా దినోత్సవం చుట్టూ ఫ్యాక్టరీలు, మార్చి 8 మహిళా దినోత్సవానికి ఆఫీసులు పిలుస్తాయి. మీరు బ్యాంకు మనిషి కదా, మోటివేషన్ పక్కన పెట్టి సైబర్ మోసాల మీద మాట్లాడతానని చెప్పి చూడండి. మోటివేషన్ చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముందు చెయ్యాలి. మీది ప్రభుత్వ రంగ బ్యాంకు అయితే బయట డబ్బు తీసుకుని ఏ పని చేయాలన్నా పైవాళ్ల అనుమతి కావాలి, కాండక్ట్ రూల్స్‌లో ఉంటుంది. అనుమతి కోసం లెటర్ పెట్టండి, కాగితం చేతికొచ్చేదాకా కవరు తీసుకోకండి, దారి ఖర్చులు అన్నా సరే.