బాంబుల నాడు మా మామ్మ మోసిన గంప

"చరిత్రని కళ్లారా చూసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉన్నారా? ఏం చెప్పేవారు?" అని కదా ప్రశ్న. మా మామ్మ ఉండేది. వైజాగ్ వన్‌టౌన్‌లో పుట్టి, అక్కడే 2019లో, 87 ఏళ్లకి పోయింది. ఊరి మీద పడ్డవన్నీ చూసింది. అడిగితే మాత్రం కోడిపెట్ట సంగతే చెప్పేది.

1942 ఏప్రిల్ 6. పట్టపగలు జపాన్ విమానాలొచ్చి హార్బరు మీద బాంబులేశాయి. మామ్మకి పదేళ్లు. వాళ్ల నాన్న హార్బరులో కళాసీ. పరిగెత్తుకొచ్చి, గంజి వార్చనివ్వకుండానే అందర్నీ బయల్దేరదీశాడట. ఊళ్లో జనమంతా దొరికిన దారి పట్టారు. ఈవిడేమో పొదుగు మీదున్న పెట్టని వదలనని ఏడుపు. "పేనాలు పోతంటే కోడేటే!" అని నాలుగు తగిలించినా వినలేదు. పెట్టనీ 11 గుడ్లనీ గడ్డితో సహా గంపలో పెట్టి నెత్తికెత్తుకుంది. కొత్తవలసలో మేనమామ ఇంటికి నడక. పెందుర్తి దగ్గర ఎవరో ఎడ్లబండి ఆపి, ఒక్కరికే చోటుందంటే, గంపనెక్కించి తను పక్కన నడిచిందట. 11 గుడ్లలో 7 పిల్లలయ్యాయి. చెప్పినప్పుడల్లా కథలో ఏదో ఒకటి మారేది, ఈ లెక్క మాత్రం ఎప్పుడూ మారలేదు. అందుకే పుస్తకాల కంటే ఆవిడ మాటే నాకు గట్టి సాక్ష్యం.

అసలు పుస్తకాల్లో ఏముంది? రెండో ప్రపంచ యుద్ధమంటే హిట్లరు, హిరోషిమా. మన హార్బరు మీద బాంబులు పడ్డాయని క్లాసులో చెబితే మా మాస్టారే నవ్వారు. ఇంకో మాట. బీచ్‌రోడ్డులో నిలబెట్టిన సబ్‌మెరైన్ ఘాజీ కాదండీ బాబూ! అది మన కురుసుర. 1971 డిసెంబరు యుద్ధంలో మన తీరం దగ్గరే పేలిపోయిన పాకిస్తాన్ ఘాజీ ఇంకా సముద్రం అడుగునే ఉంది. ఆ అర్ధరాత్రి కిటికీ అద్దాలు గలగలమంటే మామ్మ పిల్లల్ని మంచం కిందికి తోసి తెల్లారేదాకా కూర్చుంది. 1966 నవంబరు 1న, ఉక్కు ఉద్యమంలో కాల్పులు జరిగిన రోజు, తాత వట్టికాళ్లతో ఇల్లు చేరాడు. "కొత్త చెప్పులు," అనేది ఆవిడ. అంతే, ఉక్కు ఉద్యమం అయిపోయింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి మా వీధిలో రేకులు కాగితాల్లా ఎగిరాయి. మామ్మ మంచం మీంచే అడిగింది: "ఈసారి ఏ దేశపోలురా?"

"తుఫాను మామ్మా."

"పక్కింటోల కోళ్లని లోపలికి తెచ్చీరా మరి."

తెచ్చాను. కరెంటు వచ్చేదాకా మా వంటింట్లో నాలుగు కోళ్లు.