బ్యాండ్‌లో చేరితే ఇంజినీరింగ్ ఏమవుతుంది?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయికి పర్డ్యూ యూనివర్సిటీలో ఫస్ట్ ఇయర్ ఇంజినీరింగ్‌లో సీటు వచ్చింది. హైస్కూల్లో నాలుగేళ్లూ మార్చింగ్ బ్యాండ్‌లో, అంటే ఫుట్‌బాల్ మ్యాచ్‌లలో కవాతు చేస్తూ వాయించే బృందంలో, క్లారినెట్ వాయించింది. కాలేజీలోనూ చేరతానంటోంది. మావారు ససేమిరా అంటున్నారు. "పెళ్లి బ్యాండులో వాయించడానికా ఇంత ఫీజు కట్టేది?" అని ఆయన వాదన. నాకేమో ఫుట్‌బాల్ మ్యాచ్‌ల దగ్గర తాగి గొడవ చేసే జనం మధ్య పిల్ల ఉంటుందని టెన్షన్. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి

జవాబు: ముందు మీవారి మాట దగ్గరికి వస్తానమ్మా. అసలు చిక్కు అక్కడే ఉందనిపిస్తోంది. మన ఊళ్లలో బ్యాండు మేళం అంటే ఊరేగింపు ముందు ఎర్ర కోట్లు వేసుకుని చెమటలు కక్కుతూ వాయించేవాళ్లు. వాళ్ల పాటకి చిందులేస్తాం, భోజనం మాత్రం ఆఖరి బంతిలో పెడతాం. ఆ చూపు వాళ్ల విషయంలోనే న్యాయం కాదు. ఇక ఆ చూపుతోనే ఇండియానాలోని పర్డ్యూ బ్యాండ్‌ను చూస్తే కూతురు ఈకల టోపీ పెట్టుకోవడం నామోషీగానే తోస్తుంది.

ఆయనకి ఒక్క పేరు చెప్పండి: నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్. పర్డ్యూలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదువుతూ ఇదే బ్యాండ్‌లో బారిటోన్ అనే ఇత్తడి వాద్యం వాయించాడు. 1955లో డిగ్రీ అందుకున్నాడు, 1969లో చంద్రుడి మీద కాలు పెట్టాడు. బ్యాండ్ వల్లే అక్కడికి వెళ్లాడని నేననను. బ్యాండ్ అడ్డు రాలేదని మాత్రం ధైర్యంగా అంటాను. ఇంకో సంగతి, పర్డ్యూలో విడిగా మ్యూజిక్ స్కూల్ లేదు. 1886లో సైనిక కవాతు కోసం నలుగురైదుగురితో మొదలైన బ్యాండ్ ఇప్పుడు మూడు వందలు దాటింది. అందులో వాయించేవాళ్లు దాదాపు అంతా ఏదో ఒక వేరే చదువు చదివేవాళ్లే, ఇంజినీర్లకి కొదవ లేదు. కాల్‌క్యులస్ హోంవర్క్ అర్థం కాకపోతే పక్క వరసలో సీనియర్ ఉంటాడన్నమాట.

నేను చేర్పించమనే చెబుతాను. కారణం రెజ్యూమె కాదు. రిక్రూటర్లు బ్యాండ్ చూసి ఉద్యోగం ఇచ్చేయరు. సెక్షన్ లీడర్ (ఒక వాద్యం వాయించే జట్టుకి పెద్ద) అయ్యాక ఒక లైను రాసుకోవచ్చు, అంతే. రెజ్యూమె కోసమే చేరతానంటే వద్దనేవాణ్ణి. నేను చూసిన మొదటి సెమిస్టర్ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం తెలివి తక్కువై వచ్చినవి కావు. పొద్దున రెండు క్లాసులు, ఆ తర్వాత రోజంతా ఖాళీ, గదిలో ఫోను, మాట్లాడే మనిషి లేకపోవడం, వీటి వల్ల వచ్చినవే. బ్యాండ్ పిల్లలు క్లాసులు మొదలవకముందే ఆగస్టులో క్యాంప్‌కి వెళ్తారు. మొదటి క్లాసు రోజుకే క్యాంపస్‌లో పేరు పెట్టి పిలిచేవాళ్లు ఓ ముప్పైమంది ఉంటారు. వేల మంది చదివే యూనివర్సిటీలో అది చిన్న విషయం కాదు.

అయితే లెక్క కూడా చూసుకోవాలి. ప్రాక్టీసు, మ్యాచ్‌లు కలిపి వారానికి పది గంటల పైమాటే అనుకోండి. సొంత స్టేడియంలో మ్యాచ్ ఉంటే ఆ శనివారం మొత్తం పోయినట్టే. అలాంటివి సీజన్‌కి ఆరేడు ఉంటాయి. పర్డ్యూలో మొదటి ఏడాది అందరూ కలిసే చదువుతారు. మెకానికలా, ఏరోస్పేసా అన్నది ఆ ఏడాది గ్రేడ్లను బట్టి తేలుతుంది. బ్యాండ్‌కి క్రెడిట్ వస్తుంది కానీ బ్రాంచి ఇచ్చేటప్పుడు లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ లాంటి కోర్సుల గ్రేడ్లను విడిగా కూడా చూస్తారు. క్లారినెట్‌లో వచ్చిన ఏ గ్రేడు అక్కడ ఆదుకోదు. కాబట్టి ఫాల్ సెమిస్టర్‌లో అదనపు కోర్సు పెట్టుకోవద్దనండి. ఫుట్‌బాల్ నవంబరు చివరికి దాదాపు అయిపోతుంది. బరువైనది ఏదైనా ఉంటే స్ప్రింగ్‌కి జరపొచ్చు. సెప్టెంబరులో ఇండస్ట్రియల్ రౌండ్‌టేబుల్ అని పెద్ద జాబ్ ఫెయిర్ జరుగుతుంది. మొదటి ఏడాది పిల్లలకి ఇంటర్న్‌షిప్ దొరకడం కష్టమే అయినా ఒకసారి తిరిగి రావాలి. ఆ రోజు ప్రాక్టీసుకి ఆలస్యమయ్యేలా ఉంటే బ్యాండ్ వాళ్లకి ముందే చెప్పి పెట్టుకోమనండి. రెండో మిడ్‌టర్మ్ మార్కులు వచ్చాక ముగ్గురూ ఫోన్లో కూర్చుని మాట్లాడుకోండి. కాల్‌క్యులస్ అప్పటికీ కుదురుకోకపోతే వచ్చే ఏడాది బ్యాండ్ సంగతి మళ్లీ ఆలోచిద్దాం అని ఇప్పుడే ఒప్పందం చేసుకోండి.

ఇక మీ భయం. మ్యాచ్ రోజు తాగుడు ఉంటుంది, లేదని మభ్యపెట్టను. పర్డ్యూలో బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ అని ఒక ఆచారం ఉంది. ఇరవయ్యొకటి నిండిన పిల్లలు చిత్రవిచిత్రమైన వేషాలు వేసుకుని తెల్లవారకముందే బార్ల ముందు క్యూ కడతారు. పేరు విని మీరు ఇడ్లీ, ఉప్మా అనుకునేరు! మీకు ఊరట కలిగించే మాట ఏమిటంటే, మ్యాచ్ రోజు పొద్దున బ్యాండ్ పిల్లలకి ప్రాక్టీసు ఉంటుంది. తర్వాత స్లేటర్ హిల్ అనే గట్టు దగ్గర జనం కోసం కచేరీ, అక్కడి నుంచి కవాతు చేస్తూ స్టేడియానికి. యూనిఫాంలో ఉన్నంతసేపూ గుంపుగానే ఉంటారు, పైన అజమాయిషీ ఉంటుంది. ఒంటరిగా టికెట్ కొనుక్కుని వెళ్లే పిల్లకన్నా బ్యాండ్‌లో ఉన్న పిల్లే క్షేమం అని నా లెక్క.

ప్రత్యర్థి అభిమానుల విషయానికొస్తే, ఎగతాళి ఎక్కువ, కొట్లాట తక్కువ. అసలు పర్డ్యూ వాళ్ల బాయిలర్‌మేకర్స్ అన్న పేరే ఒక తిట్టు. 1891లో వాబాష్ కాలేజీని చిత్తుగా ఓడిస్తే, అవతలి ఊరి పత్రిక 'బాయిలర్లు చేసే మొరటోళ్లు' అన్న ధోరణిలో రాసింది. వీళ్లు ఆ మాటనే నెత్తిన పెట్టుకున్నారు. ఇండియానా యూనివర్సిటీతో అయితే ఒక పాత ఓక్ చెక్క చేద కోసం పోటీ. ఓల్డ్ ఓకెన్ బకెట్ అంటారు. గెలిచినవాళ్లు తమ అక్షరం, పీ గాని ఐ గాని, కంచులో పోయించి దాని గొలుసుకి తగిలిస్తారు. 1925లో మొదటి మ్యాచ్ సున్నా-సున్నాగా ముగిసింది కాబట్టి మొదటి లంకె రెండూ కలిపి 'ఐపీ'. (మన తెలుగువాళ్లకి ఐపీ అంటే దివాలా గుర్తొస్తుంది, పోనివ్వండి.) డోలు మీద కూడా పోటీయే. 1921లో చేయించిన తమ డోలు ప్రపంచంలోనే పెద్దదని పర్డ్యూ వాళ్లంటే, మా బిగ్ బెర్తాయే పెద్దదని మీ టెక్సస్ లాంగ్‌హార్న్ బ్యాండ్ వాళ్లు ఒప్పుకోరు. 1982లో కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ బ్యాండ్ మ్యాచ్ అయిపోయిందనుకుని మైదానంలోకి వచ్చేసింది. ప్రత్యర్థి బర్కిలీ ఆటగాడు బంతి పట్టుకుని వాళ్ల మధ్యలోంచే పరుగెత్తి, గీత దాటి మ్యాచ్ గెలిపించి, ఆ ఊపులో ఒక ట్రాంబోన్ అబ్బాయిని గుద్దేశాడు. ఆ వీడియో మీవారికి చూపించండి, కోపం కొంత తగ్గుతుంది.

నాకు జనం కన్నా లోపలి ర్యాగింగ్ మీదే ఎక్కువ అనుమానం. అక్కడ హేజింగ్ అంటారు. 2011లో ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ బ్యాండ్‌లో ఒక డ్రమ్ మేజర్ (బ్యాండ్‌ని ముందుండి నడిపించే విద్యార్థి), ప్రత్యర్థి కాలేజీతో మ్యాచ్ అయ్యాక, బస్సులో సాటివాళ్లు కొట్టిన దెబ్బలకి చనిపోయాడు. బ్యాండ్‌నే చాలాకాలం ఆపేశారు. అన్ని చోట్లా అలా ఉంటుందని కాదు. కానీ సెక్షన్‌లో చేరాలంటే ఫలానాది చెయ్యాలి, బయట చెప్పకూడదు అన్న మాట ఎవరినుంచి వచ్చినా ఆ రోజే మీకు చెప్పాలని, చెబితే మీరు ముందు తిట్టరని అమ్మాయికి నమ్మకం కలిగించండి. రెండోది మీ చేతిలో పని.

ఇంకొన్ని చిన్న సంగతులు. బకెట్ మ్యాచ్ మామూలుగా థాంక్స్‌గివింగ్ సెలవుల్లోనే వస్తుంది, ఒక ఏడాది పర్డ్యూ ఉన్న వెస్ట్ లఫాయెట్‌లో, మరో ఏడాది ఇండియానా యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్‌లో. బ్యాండ్ వెళ్లాల్సి ఉందో లేదో తెలుసుకోకుండా ఫ్రిస్కోకి విమానం టికెట్ కొనకండి. వీలైతే మీరిద్దరే అటు వెళ్లండి. అమ్మాయి దగ్గర చెక్క క్లారినెట్ ఉంటే దాన్ని ఇంట్లోనే ఉంచండి. నవంబరులో ఇండియానా చలికి చెక్క చీలిపోతుంది, మైదానానికి ప్లాస్టిక్‌ది చాలు.